పన్ను కట్టేవాళ్ళకే ఓటుండాలా?

"పన్ను కట్టేవాళ్ళకే ఓటుంటే తప్పేంటి? అమెరికాలో పోల్ ట్యాక్స్ తీసేసి ఒరిగిందేంటి?" అని ఒకరు అడిగారు. పోల్ ట్యాక్స్ అంటే ఓటెయ్యాలంటే ముందు కట్టాల్సిన తలపన్ను. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళ పార్టీల్లో బిర్యానీ అయ్యాక ఎవరో ఒకరు ఎత్తే మాటే ఇది. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నట్టేనని ఒక్కరికీ గుర్తుండదు. నేనూ ఒకప్పుడు తలూపినవాణ్ణే లెండి.

ఉండేది వర్జీనియాలో. సిటిజెన్‌షిప్ వచ్చాక ఒకసారి పోలింగ్ డ్యూటీకి పేరిచ్చాను. తెల్లవారుజామున ఐదింటికే వెళ్ళాలి, అదో ఏడుపు. నా పక్క కుర్చీలో ఎనభై దాటిన నల్లజాతి పెద్దావిడ. మధ్యాహ్నం జనం పలచబడ్డాక హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల రంగు మారిన చీటీ. వాళ్ళమ్మ కట్టిన పోల్ ట్యాక్స్ రసీదట. పోకుండా బైబిల్లో దాచుకునేదట. కవరు మీంచే చూడనిచ్చింది, చేతికివ్వలేదు.

"డాలరున్నరేగా!" అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఏడాదికి డాలరున్నరే, కానీ వెనకటి మూడేళ్ళదీ బాకీ లేకుండా ఉండాలి. అదీ ఎన్నికకు ఆర్నెల్ల ముందే కట్టెయ్యాలి. వాళ్ళమ్మ ఇళ్ళలో వంటపని చేసేది. నేను ఆటోపే పెట్టుకుని కూడా కరెంటు బిల్లు రెండుసార్లు ఎగ్గొట్టాను. నన్నడిగితే జనాన్ని ఆపింది డబ్బుకన్నా ఆ గడువే. నల్లవాళ్ళ కోసం వర్జీనియా 1902లో వేసిన ఉచ్చులో పేద తెల్లవాళ్ళూ పడ్డారు.

1964లో అమెరికా రాజ్యాంగానికి చేసిన 24వ సవరణ దీన్ని తీసేసింది, అయితే అధ్యక్ష, కాంగ్రెస్ ఎన్నికల వరకే. వర్జీనియా తెలివి చూడండి: పన్ను కట్టకపోతే ఆర్నెల్ల ముందే నివాస ధ్రువపత్రం ఇమ్మంది! మళ్ళీ అదే గడువు. 1965లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మరుసటేడు ఈ పన్ను మీదే వేసిన హార్పర్ కేసులో ఆరుగురు జడ్జీలు చెల్లదని, ముగ్గురు చెల్లుతుందని చీలి, రాష్ట్ర ఎన్నికల్లోనూ ఆ పన్ను పోయింది. ఇన్నాళ్ళూ గుమ్మం దగ్గరే ఆగినవాళ్ళు రసీదు లేకుండా లోపలికొచ్చారు. ఒరిగింది అదే.

అమెరికా దాకా ఎందుకు? 1946లో మద్రాసు ప్రెసిడెన్సీ ఎన్నికల్లో మా తాతకు ఓటుంది, శిస్తు కట్టేవాడు కాబట్టి. ఆయన పొలం దున్నిన పాలేరుకు లేదు. 1952లో ఇద్దరూ ఒకే వరసలో నిలబడ్డారు. తాత ఆ సంగతి ఎప్పుడు చెప్పినా కాస్త చిరాగ్గానే చెప్పేవాడు.