భుజం ఆపరేషన్ తర్వాత మళ్లీ నొప్పి.. గుజ్జు అరిగిందా?

ప్రశ్న: నా వయసు 27. కబడ్డీ ఆడేవాణ్ని. కుడి భుజం పదేపదే జారిపోతుంటే ఆరు నెలల క్రితం కీహోల్ ఆపరేషన్ చేయించుకున్నాను. రెండు నెలలు బాగానే ఉంది. తర్వాత నొప్పి మొదలై రోజురోజుకూ పెరుగుతోంది. చెయ్యి వెనక్కి పోవడం లేదు, కదిపితే కటకటమంటోంది. రోజూ డైక్లోఫెనాక్ మాత్రలు వేసుకుంటున్నాను. మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండుసార్లు ఇంజెక్షన్, ఒక కోర్సు యాంటీబయాటిక్ కూడా అయ్యాయి. గుజ్జు పెరగడానికి మంచి మాత్రలు చెప్పండి. జిమ్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?
- ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మాత్రలు, జిమ్ సంగతి తర్వాత. ముందు మీరు ఆపరేషన్ చేసిన సర్జన్‌కు చూపించుకున్నారా? ఉత్తరంలో ఆ మాటే లేదు. ఇలాంటి ఆపరేషన్ తర్వాత మొదట్లో భుజం పట్టేసినట్టుండి, నెలనెలకూ వదులవుతూ రావాలి. మీకు తగ్గిన నొప్పి తిరగబెట్టి పెరుగుతోంది. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చూడకుండా ఇదీ అని చెప్పలేను కానీ, మూడు అనుమానాలున్నాయి. కీలు చుట్టూ ఉండే పొర బిగుసుకుపోయి ఉండొచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది మరీ ఎక్కువ, కాబట్టి షుగర్ పరీక్ష చేయించండి. రెండోది, లోపల నెమ్మదిగా సాగే ఇన్ఫెక్షన్. మూడోది మీ భయమే, మృదులాస్థి, అంటే గుజ్జు, కరిగిపోవడం. భుజం కీలులో ఈ గుజ్జు మందం మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లు. దానికి రక్తనాళాలు లేవు, పోయింది మళ్లీ పుట్టదు. వయసుతో వచ్చే అరుగుదలకు ఏళ్లు పడితే, ఆపరేషన్ తర్వాత వచ్చే ఈ సమస్యలో నెలల్లోనే గుజ్జు పోవచ్చు. అరుదైనదే, కానీ కుర్రవాళ్లలోనూ చూస్తాం.

గుజ్జు ఇలా పోవడానికి, ఎముకలో బిగించిన యాంకర్ (కుట్లను ఎముకకు పట్టి ఉంచే చిన్న మేకు) కొన పైకి తేలి ఎదుటి గుజ్జును గీకడం, లోపల వాడిన వేడి పరికరం ప్రభావం వంటి కారణాలు ఉండొచ్చు. ఒకప్పుడు నొప్పి తెలియకుండా కీలు లోపలే సన్నటి గొట్టం ఉంచి, పంపుతో రెండు మూడు రోజులపాటు బుపివకెయిన్ లాంటి మత్తుమందు ఎక్కించేవారు. అలా చేసినవారిలో గుజ్జు దెబ్బతిన్న కేసులు బయటపడ్డాయి. దాదాపు అన్నీ భుజం ఆపరేషన్లే. కొందరిలో రెండో నెలకే నొప్పి, బిగుతు మొదలయ్యాయి. 2009లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరించాక ఆ పద్ధతి బాగా తగ్గిపోయింది. ఆపరేషన్ రోజు ఒక్కసారి ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌ను దీనితో ఒకే గాటన కట్టొద్దు. కొందరిలో కారణమేదీ దొరకదు. సర్జన్ మీద కోపం పెంచుకోకుండా ఆపరేషన్ నోట్స్ అడిగి తీసుకోండి. ఏ యాంకర్లు వేశారో, పంపు పెట్టారో లేదో అందులో ఉంటుంది.

ఇక మీరు చేసిన పనుల గురించి చెప్పాలి. ఆ రెండు ఇంజెక్షన్లు ఏమిటో రాయలేదు, బహుశా మీకూ తెలియదు. కీలులో ఇన్ఫెక్షన్ ఉండగా అందులోకి స్టెరాయిడ్ వెళ్తే పరిస్థితి ముదురుతుంది. యాంటీబయాటిక్ ఎవరు, ఎందుకిచ్చారు? భుజంలో ఇన్ఫెక్షన్‌కు తరచుగా కారణమయ్యేది చర్మం మీద, చంకల్లో ఉండే ఒక మొండి బ్యాక్టీరియా. జ్వరం రాకపోవచ్చు, ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలు మామూలుగానే ఉండొచ్చు. కీలులోంచి నీరు తీసి ల్యాబ్‌లో రెండు వారాల వరకు ఉంచితే గానీ బయటపడదు. అరకొరగా యాంటీబయాటిక్ మింగి వస్తే ఆ పరీక్షలోనూ దొరక్కుండా తప్పించుకుంటుంది. అందుకే ఏమేం వాడారో, ఎప్పుడు ఆపారో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఖాళీ స్ట్రిప్పులుంటే తీసుకెళ్లండి.

నెలల తరబడి డైక్లోఫెనాక్ కూడా అంతే. కడుపులో పుండు, కిడ్నీలకు నష్టం మాట అటుంచితే, నొప్పి తెలియక పాడైన కీలును మీరు మామూలుగా వాడేస్తుంటారు. ప్రతి వారం ఇలాంటి వాళ్లు ఒకరిద్దరు వస్తారు. మెడికల్ షాపులో అడిగిన శ్రద్ధలో సగం సర్జన్‌ను అడగడంలో ఉంటే బాగుండు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించండి. మలం నల్లగా వస్తుంటే వెంటనే మాత్రలు ఆపి డాక్టర్‌ను కలవండి.

ఎక్స్‌రే భుజానికి నేరుగా ఎదురుగా ఒకటి, చంక వైపు నుంచి ఒకటి తీయించాలి. కీలులోని బంతికీ (చేతి ఎముక తల), అది కూర్చునే గిన్నెకీ మధ్య సందు తగ్గిందా అన్నది ఆపరేషన్‌కు ముందు తీసిన ఫిల్ముతో పోల్చి చూడాలి. కీలు చుట్టూ పొర బిగుసుకోవడం ఒక్కటే అయితే ఆ సందు సాధారణంగా మామూలుగా ఉంటుంది. తొలి దశలో ఎక్స్‌రే బాగానే కనిపించొచ్చు, అప్పుడు ఎంఆర్ఐ అవసరమవుతుంది.

గుజ్జు నిజంగా పోయి ఉంటే దాన్ని మళ్లీ పెంచే మాత్ర లేదు. గుజ్జు పెరుగుతుందని అమ్మే గ్లూకోసమైన్ మీద డబ్బు పోయకండి. తేలికపాటి ఫిజియోథెరపీ, అవసరాన్ని బట్టి లోపల శుభ్రం చేసి కీలు చుట్టూ బిగుసుకున్న పొర వదులు చేయడం, గుచ్చుకుంటున్న యాంకర్ ఉంటే తీసేయడం వంటివి చేస్తారు. బాగా ముదిరితే కీలు మార్పిడి. 27 ఏళ్లకు ఆ మాట ఎవరూ తొందరపడి అనరు, ఎందుకంటే కృత్రిమ కీలు జీవితాంతం మన్నకపోవచ్చు. ఎక్స్‌రే చూసేవరకు జిమ్, కబడ్డీ రెండూ వద్దు. మాలిష్ చేయించి చెయ్యి బలవంతంగా తిప్పించుకోవడం అసలే వద్దు. అలాగని చేతిని పూర్తిగా జోలెలో (స్లింగ్) వేసుకుని కదపకుండా కూర్చోకండి, ఇంకా బిగుసుకుపోతుంది.

ఈ వారంలోనే సర్జన్‌ను కలవండి. ఈలోగా జ్వరం వచ్చినా, భుజం ఎర్రబడి వాచినా, కుట్ల దగ్గర చెమ్మ కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.