మడ అడవిలో ఇంటర్న్‌షిప్: ముందు అడగాల్సింది భత్యం సంగతి

ప్రశ్న: బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం, తెలుగు మీడియం. మాది చేపల వేట మీద బతికే ఇల్లు. వేసవిలో కోరింగ మడ అడవుల మీద రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయాలనుంది. నాలాంటివాళ్లని తీసుకుంటారా?
– ఒక విద్యార్థిని, తాళ్లరేవు

జవాబు: తీసుకుంటారు. అడ్డం పడేది మార్కులకన్నా మే నెలే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మరపడవల వేట నిషేధం. ఇంట్లో రాబడి ఆగే ఆ 61 రోజుల్లోనే ఇంటర్న్‌షిప్‌లూ పడతాయి. అందుకని నెలకి ఎంతిస్తారు, పడవ ఖర్చు ఎవరిది, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది అని మొదటి ఉత్తరంలోనే అడిగేయండి. మొహమాటం వద్దు. ఆఖర్న ఇస్తామంటే బస్సు ఛార్జీలైనా వారం వారం ఇమ్మనండి. జాతీయ సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌లో భత్యం ఉంటుంది. దాని గడువు మాత్రం మామూలుగా ముందటి ఏడాది చివర్లోనే అయిపోతుంది. దగ్గర్లో అంటే కాకినాడలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాఖలో అడగండి.

ఉత్తరం అరపేజీ చాలు. ‘ఆసక్తి ఉంది’ అని అందరూ రాస్తారు. మీ కాలవలో ఏ నెలలో ఏ చేప పడుతుందో, పోటు ఎప్పుడొస్తుందో మీకు తెలుసు, అది రాయండి. పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఆ లెక్క తప్పినవాళ్ల పడవ బురదలో కూరుకుపోతుంది.

వెళ్లేముందు ఇంటి దగ్గరే ఒక పని సాధన చేయండి. 40 మీటర్ల నైలాన్ తాడుకి పదేసి మీటర్లకి గుర్తు కట్టి చతురస్రం పరవండి. మూల నుంచి మూలకి 14.1 మీటర్లు రాకపోతే అది వంకర. అందులో చెట్ల చుట్టుకొలత 1.3 మీటర్ల ఎత్తున తీస్తారు. ఉప్పుపొన్నకి మాత్రం ఊతవేళ్లకి పైన తీయాలి. వేళ్ల మీదుగా టేపు చుడితే చెట్టు లేని లావు చూపిస్తుంది. తిల్ల చెట్టు కొమ్మ విరిచిన చేత్తో కళ్లు నులుముకోవద్దు, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మరొకటి. కోరింగ అభయారణ్యం కాబట్టి అక్కడ పరిశోధనకి 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. అది సంస్థ తెచ్చుకోవాల్సింది. అందులో మీ పేరుందో లేదో చూసుకోండి.

ప్రశ్న: మా కాలేజీ అమ్మాయిల్ని మడ అడవుల్లో ఫీల్డు పనికి పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక లెక్చరర్, అమలాపురం

జవాబు: ఒక్కరిని పంపకండి, ఇద్దర్ని కలిపి పంపండి. పడవలో మరుగుదొడ్డి ఉండదు కాబట్టి ఒక్కో విడత నాలుగు గంటలు దాటకుండా, చీకటి పడకముందే రేవుకి చేరేలా పోటు చూసి వేళ పెట్టమనండి. ఆ వేళల కాగితం, వెంట వచ్చే మహిళా సిబ్బంది ఫోన్ నంబరు ముందురోజే ఇంటికి చేరాలి. ఇంటర్న్‌షిప్ ప్రకటన తెలుగులో వేసి, కాలేజీ బోర్డుతోపాటు రేవు దగ్గర కూడా అంటించండి.