చెరువు గట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మూడు రోజుల ముసురు తర్వాత మా ఊర చెరువులో తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. పొద్దెక్కేసరికి యాభై దాకా బొచ్చెలు చచ్చి తేలాయి. ఎవరో మందు కలిపారని ఊళ్లో గొడవ. తేల్చుకునేదెలా?
- ఓ పాఠకుడు, సిద్దిపేట జిల్లా

జవాబు: పంచాయితీ పెట్టేముందు ఏవి చచ్చాయో, ఏవి బతికాయో చూడండి. పెద్ద బొచ్చెలు ముందు పోయి, కొర్రమీనులు, మార్పు చేపలు మామూలుగా తిరుగుతుంటే అది చాలావరకు ఆక్సిజన్ అయిపోవడమే. కొర్రమీను, మార్పు పైకొచ్చి గాలి పీల్చుకోగలవు, బొచ్చెకు ఆ వీలు లేదు. మందు పడితే చిన్నాపెద్దా తేడా ఉండదు, వేళాపాళా ఉండదు. కప్పలు, నీటి పురుగులు కూడా పోతుంటాయి.

పచ్చటి నీళ్లంటే కంటికి విడిగా కనిపించని నాచు. పగలు ఎండకు అది ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తానే వాడుకుంటుంది. ముసురులో పగటి రాబడి పడిపోతుంది, రాత్రి ఖర్చు మాత్రం ఆగదు. అందుకే తెల్లవారుజామునే ముప్పు. లీటరు నీటికి 5 మిల్లీగ్రాములుంటే దిగులు లేదు. 3 కంటే తగ్గితే చేప అల్లాడుతుంది.

వెంటనే ఇంజను పెట్టి చెరువు నీళ్లనే తోడి, గొట్టం మూతికి చిల్లుల రేకు కట్టి, ఎత్తు నుంచి చెరువులోకే చిమ్మండి. బోరు నీళ్లు వదిలినా అలా ఎత్తు నుంచి పడాల్సిందే, భూమిలోంచి వచ్చే నీళ్లలో ఆక్సిజన్ తక్కువ. రెండు మూడు రోజులు పేడ, తవుడు వేయకండి.

కంగారులో చాలామంది సున్నం చల్లుతారు. అది తప్పు. పచ్చనీళ్లలో మధ్యాహ్నానికి పీహెచ్ ఎలాగూ ఎక్కి ఉంటుంది. సున్నం దాన్ని ఇంకా పెంచితే నీళ్లలోని అమ్మోనియా చేపకు విషమవుతుంది. సున్నానికి వేళ వేసవి. చెరువు అడుగు ఎండినప్పుడు ఎకరాకు 80-100 కిలోలు చల్లితే సరి.

ముందే కనిపెట్టాలంటే చెయ్యి నిలువుగా ముంచండి. మోచేయి మునిగే దాకా అరచేయి మసకగానైనా కనిపిస్తే నీళ్లు బాగున్నట్టు. మణికట్టు దాటగానే మాయమైతే నాచు మితిమీరినట్టే, ఊరి మురుగు ఎక్కడ కలుస్తోందో వెతకండి. వాన తర్వాతి ఎర్ర బురదనీళ్లకు ఈ లెక్క చెల్లదు.

ప్రశ్న: మా చెరువు నిండితే 8 ఎకరాలు. ఎన్ని చేప పిల్లలు వదలాలి? ఎంత ఎక్కువైతే అంత లాభమని మా మత్స్యకారుల సంఘంలో కొందరి వాదన.
- ఓ పాఠకుడు, జగిత్యాల జిల్లా

జవాబు: నిండిన రోజు కొలత పట్టుకోకండి. సంక్రాంతి నాటికి ఎంత మేర నీళ్లు నిలుస్తాయో అదే లెక్క. 5 ఎకరాలు నిలిస్తే, మేత వేయని చెరువుకు ఎకరాకు 1,000-1,200 చొప్పున ఐదారు వేలు చాలు. ఇరవై వేలు పోస్తే తిండి చాలక అన్నీ గిడసబారిపోతాయి. వందకు 35-40 బొచ్చె, 30-35 రోహు, మిగతావి మ్రిగాలో బంగారుతీగో వేసుకోండి. బొచ్చె పైనీళ్లలో, రోహు నడుమ, మిగతావి అడుగున మేస్తాయి. కొర్రమీను, వాలుగ ఉన్న చెరువైతే వేలెడంత, అంటే 8-10 సెంటీమీటర్ల పిల్లలే వదలండి. అంతకంటే చిన్నవి వాటికి ఫలహారం.

వదిలేది పొద్దున చల్లటి పూట. పిల్లలు తెచ్చిన సంచులు విప్పకుండా 15-20 నిమిషాలు నీటిపై తేలనివ్వండి. తర్వాత మూతి విప్పి, దోసిలితో కొద్దికొద్దిగా చెరువు నీళ్లు కలిపి, సంచి వంచి పట్టుకుంటే పిల్లలు వాటంతటవే ఈదుకుంటూ పోతాయి. బండి మీంచి గుమ్మరిస్తే చాలా చస్తాయి. ఆ సంగతి వెంటనే తెలియదు, కాగితం మీద మాత్రం అన్నీ బతికే ఉంటాయి! ఒక సంచి విప్పించి లెక్కపెట్టించడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: చెరువు మత్తడి (అలుగు) దూకినప్పుడు చేపలు పోతున్నాయి. మత్తడికే వల బిగించొచ్చా?
- ఓ పాఠకురాలు, వరంగల్ జిల్లా

జవాబు: ససేమిరా వద్దు. గుర్రపుడెక్క, చెత్త వలకు పట్టేస్తే మత్తడి మూసుకుపోయి, నీళ్లు కట్ట మీదికొస్తాయి. మత్తడికి కాస్త ముందు, చెరువు లోపల, అర్ధచంద్రంలా గుంజలు పాతి వల కట్టండి. వల పొడవు మత్తడికి రెండు మూడింతలుంటే నీళ్ల ఒత్తిడి తగ్గుతుంది. వాన రాత్రుల్లో చెత్త లాగడానికి ఇద్దరు ఉండాలి. వరద జోరెక్కితే వల తాడు కోసేయడమే.

ప్రశ్న: గాలానికి వానపాము గుచ్చినా బొచ్చె పడదేం?
- ఓ కాలేజీ విద్యార్థి, ఏలూరు జిల్లా

జవాబు: బొచ్చె నీళ్లలో తేలే సన్నటి జీవాలను వడగట్టుకుని తింటుంది. వానపాము జోలికి రావడం అరుదు, దానికి పడేవి జెల్లలు, మార్పులు. వేరుశనగ చెక్క, తవుడు కలిపి ముద్ద చేసి, బెండు సర్ది, పైనుంచి మూరెడు లోతులో ఆపి చూడండి. చేపల హక్కు సంఘానిదో, వేలంలో పాడుకున్నవారిదో అయి ఉంటుంది, ముందు వాళ్లను అడగండి. నీటిపై ఎర్రటి పిల్లల గుంపు కనిపిస్తే కిందే కొర్రమీను జంట కాపలా ఉంటుంది. అక్కడ మాత్రం గాలం వేయకండి. పెద్దవి పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలే.