చివరి అక్షరం వినపడని మాట

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. పార్కిన్సన్స్ వచ్చిన తాతయ్య చెయ్యి వణకడం, అడుగు చిన్నబడటం బాగా పట్టుకున్నావు. మాట దగ్గరే తప్పు జరిగింది. ఆయన నోరు తెరిచిన ప్రతిచోటా "నే... నే... నేను" అని చుక్కలు పెట్టావు. అది నత్తి. ఈ జబ్బులో కొందరికి ఒకే మాట మళ్లీమళ్లీ రావడం ఉంటుంది గానీ, ఎక్కువమందిలో ముందు కనపడేది వేరు. గొంతు తగ్గిపోతుంది. ఊపిరి కలిసిన బొంగురు, ఎత్తుపల్లాలు లేని ఒకే స్వరం, మధ్యలో ఉన్నట్టుండి నాలుగు మాటలు గబగబా దొర్లిపోవడం. చుక్కలన్నీ తీసెయ్.

కొలిచి చూస్తే సగటున తగ్గేది 2 నుంచి 4 డెసిబెల్సే. అంకె చిన్నదిగానే ఉంటుంది. కానీ పైన ఫ్యాను తిరుగుతుంటే, పక్కన సీరియల్ మోగుతుంటే, వినే నాయనమ్మకు కూడా చెవులు మందగించి ఉంటే ఆ కాస్త తేడాకే మాట పోతుంది. దీనికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది: గొంతు తగ్గిందని ఆయనకు తెలియదు. డోపమైన్ అనే మెదడు రసాయనం తగ్గేసరికి కదలికకు ఎంత బలం పెట్టాలో మెదడు వేసుకునే లెక్క చిన్నదైపోతుంది. రాసే అక్షరం చిన్నదైనట్టే గొంతూ చిన్నదవుతుంది. తన చెవికి మాత్రం సరిగ్గానే ఉన్నట్టుంటుంది. మామూలు గొంతుకు తీసుకొస్తే "అరుస్తున్నానేంటి" అనిపిస్తుంది. నాయనమ్మ "గొణుగుతారేంటండీ" అంటే, ఆయన "నీకే చెవుడు" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నీ కథలో అసలు గొడవ ఇదే, దాన్ని నువ్వింకా ముట్టుకోలేదు. మనవడు ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే అప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో ఆలోచించు.

తెలుగులో రాస్తున్నావు కాబట్టి ఇంకొక సంగతి. వీళ్ల గొంతు వాక్యం మొదట్లో కాస్త బాగానే లేచి, చివరికి వచ్చేసరికి ఆరిపోతుంది. మన భాషలో క్రియ ఉండేది ఆ చివరనే. అవుననీ కాదనీ, జరిగిందనీ జరగలేదనీ తేల్చేది ఆ ఆఖరి రెండు మూడు అక్షరాలే. "పొద్దున మాత్ర వేసు..." దాకా వినపడింది. వేసుకున్నారా, వేసుకోలేదా? కోడలు వేసుకున్నారనుకుంటే ఒక పూట మందు పోతుంది. వేసుకోలేదనుకుంటే రెండోసారి పడుతుంది. ఈ సన్నివేశం రాయి. పైగా ప్రశ్న చివరి "ఆ" ఆరిపోతుంది, గొంతూ పైకి లేవదు కాబట్టి "వెళ్తావా" అన్నది "వెళ్తావు" అన్నట్టు వినపడుతుంది. ప, ట, క లాంటి హల్లులకు పెదవులు గానీ నాలుక గానీ పూర్తిగా మూసుకోవాలి. ఆ మూత గట్టిగా పడక గాలి జారిపోతుంది. అందుకే మాట ముద్దగా వస్తుంది, కొత్తవాళ్లు తాగి ఉన్నాడనుకుంటారు. అలాగని ఉచ్చారణను అక్షరాల్లో విరిచి రాయకు. పాఠకుడికి విసుగు, పాత్రకు అవమానం. మాట శుభ్రంగానే రాసి, ఎదుటివాడు ఎక్కడిదాకా విన్నాడో చూపించు.

ఇక బుద్ధి సంగతి. మూడో పేజీలో "తాతయ్యకు మతిపోయింది" అని ఒక్కమాటలో తేల్చేశావు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురిని చూసి రాసిన వ్యాసంలో ఈ జబ్బు తెలివిని తాకదన్నాడు. అది పూర్తిగా నిజం కాదని తర్వాత తేలింది. అలాగని నువ్వు రాసిందీ నిజం కాదు. మొదట్లో చాలామందికి తగ్గేది జ్ఞాపకం కాదు, వేగం. ఒక పని మీంచి ఇంకో పని మీదికి మనసు మళ్లించడం, వరుస పెట్టుకోవడం, తెలిసిన మాటను వేళకు బయటికి తీయడం కష్టమవుతాయి. "నిన్న ఎవరొచ్చారు?" అంటే ఏమీ రాదు. "మీతో బడిలో చదివినాయన..." అని కొస అందిస్తే పేరు వచ్చేస్తుంది. మతిమరుపు జబ్బయిన అల్జీమర్స్‌లో అంత అందించినా తరచుగా రాదు, ఎందుకంటే అక్కడ సంగతి లోపల నిలవడమే కష్టం. ఏళ్లు గడిచాక పార్కిన్సన్స్‌లోనూ చాలామందికి డిమెన్షియా, అంటే రోజువారీ పనులు సాగనంతగా బుద్ధి తగ్గడం, రావచ్చు. లేని పిల్లలో, పిల్లులో గదిలో ఉన్నట్టు కనపడవచ్చు. నీ కథ జబ్బు ఏ ఏడాదిలో జరుగుతోందో ముందు తేల్చుకో.

బుద్ధి ఎలా పనిచేస్తోందో చూడటానికి 30 మార్కుల మోకా పరీక్ష ఒకటుంది. గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటారు. ఒక నిమిషంలో ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. నెమ్మదిగా మాట్లాడేవాడికి ఆ నిమిషంలోనే మార్కు పోతుంది. ఆసుపత్రి సన్నివేశం పెడితే ఇది గుర్తుంచుకో. డాక్టరు ఎదుట పది నిమిషాలు గొంతు కూడదీసుకుని బాగా మాట్లాడి, ఇంటికొచ్చాక మళ్లీ గుసగుసలోకి జారిపోవడం కూడా మామూలే. పేపరు పైకి చదవమంటే బాగా వినపడే గొంతు కబుర్లలో పడిపోతుంది. కబుర్లలో ఏం చెప్పాలో కూడా అప్పటికప్పుడు వెతుక్కోవాలి కదా, దృష్టంతా అక్కడికే పోతుంది. నడుస్తూ మాట్లాడించినా అంతే. మాట తగ్గుతుంది, లేదా అడుగు ఆగిపోతుంది. నీ కథలో మనవడు తాతయ్యను మెట్ల మీద పలకరించాడు చూడు, అక్కడ ఆయన పడిపోగలరు.

మాట, బుద్ధి ఎక్కడ ముడిపడతాయో చికిత్సలోనే బాగా తెలుస్తుంది. అమెరికాలో మాట చికిత్స నిపుణురాలు లొరేన్ రేమిగ్ బృందం 1987లో మొదలుపెట్టిన పద్ధతిలో వారానికి 4 రోజులు, 4 వారాలు, రోజుకు గంట సాధన ఉంటుంది. వీలైనంత గట్టిగా, వీలైనంతసేపు "ఆ" అనడం. అదే "ఆ"ను పైస్థాయికీ కిందిస్థాయికీ తీసుకెళ్లడం. రోజూ ఇంట్లో వాడే పది వాక్యాలు గట్టిగా చెప్పడం. తర్వాత మాటల నుంచి వాక్యాలకు, చదవడానికి, చివరి వారంలో సంభాషణకు. పెదవులు ఇలా పెట్టు, ఊపిరి అలా తీసుకో అని చెప్పరు. "గట్టిగా" అన్న ఒక్క గుర్తే ఇస్తారు. ఐదు సూచనలు ఒకేసారి మోయలేని మనసు ఒక్కటి మోస్తుంది, గొంతు లేస్తే నోరు దానంతటదే ఎక్కువ తెరుచుకుంటుంది. చెడేది ఎక్కడంటే, నెల కాగానే సాధన మానెయ్యడం, గొంతు నులుముకుని అరవడం. నీ తాతయ్యకు ఆ పది వాక్యాలు ఏమిటో నువ్వే రాసుకో. "కాఫీలో చక్కెర తక్కువ", "ఫ్యాను కట్టెయ్"... అవి రాస్తుంటే మనిషి దొరుకుతాడు.

మాత్ర వేసుకోగానే గొంతు తిరిగొచ్చినట్టు రాశావు. ఈ జబ్బుకు ఇచ్చే ముఖ్యమైన మందు లెవోడోపా నడకకు పనికొచ్చినంతగా మాటకు పనికిరాదు. మెదడులో తీగలు పెట్టే ఆపరేషన్ తర్వాత వణుకు తగ్గి మాట ఇంకా ముద్దయినవాళ్లూ ఉన్నారు. ఇంకొకటి, నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడితే అది జబ్బు ముదరడం అనుకోకు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, వణుకు కోసం కొత్తగా ఇచ్చిన ట్రైహెక్సీఫెనిడిల్ లాంటి మాత్ర, వీటిని డాక్టరు ముందు వెతుకుతారు. నీ కథలో కొడుకు ఆయన్ను మూలన కూర్చోబెట్టే ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

భోజనం సన్నివేశం మార్చు. ముద్ద నోట్లో ఉండగా కోడలు ప్రశ్న అడుగుతోంది. మాట్లాడే కండరాలే మింగేవి కూడా, పొలమారి అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, ముద్ద దిగాక అడిగించు. ఒక్క ప్రశ్నే. "పెరుగు వేయనా?" తర్వాత మనసులో పది లెక్కపెట్టేంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. మొహంలో ఏమీ కదలదు, రెప్ప కూడా అరుదుగా పడుతుంది. విననట్టే ఉంటుంది. నువ్వు రాసిన చోట రెండో క్షణంలోనే మనవడు "వద్దంటారులే అమ్మా" అని పళ్లెం తీసేశాడు. ఆ వాక్యం కొట్టెయ్. పది దాకా ఆగి, ఆయన చెప్పింది రాసి నాకు పంపు.