సబ్జెక్టు మనది కాని క్లాసుకి మెంటర్‌గా వెళ్తే ఏం చెప్పాలి?

మీ ప్రశ్న: విశాఖలో పెందుర్తి వైపు హైస్కూళ్లకి మెంటర్‌గా (తోటి టీచర్ల క్లాసులు చూసి సాయపడే టీచరుగా) వేశారు, మీది లెక్కలు. పాతికేళ్ల సర్వీసున్న ఫిజికల్ సైన్స్ మేడమ్ "మీకు ఫిజిక్స్ ఏం తెలుసని చెప్తారు?" అంటున్నారు.

ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు మాస్టారూ. "సబ్జెక్టు మీదే మేడమ్. వెనక బెంచీలో ఏం రాసుకుంటున్నారో బోర్డు దగ్గర్నుంచి కనబడదు కదా, అది చూసి చెప్తాను" అనేయండి. అన్నీ వచ్చినట్టు కనబడబోతే రెండో విజిట్‌కే దొరికిపోతాం.

అలాగని సబ్జెక్టు రాకపోయినా ఫర్వాలేదనే మాట నేను ఒప్పుకోను. పదో తరగతి ఓమ్ నియమమే చూడండి. "కరెంటు పెరిగితే నిరోధం ఏమవుతుంది?" అంటే క్లాసంతా "తగ్గుతుంది" అని కోరస్. R=V/I (నిరోధం = వోల్టేజీ/కరెంటు) చూసి లెక్కల మాస్టారూ తలూపేస్తారు. కానీ ఉష్ణోగ్రత మారనంతవరకు ఆ తీగ నిరోధం అంతే ఉంటుంది. వోల్టేజీ పెంచబట్టే కరెంటు పెరిగింది. అందుకే క్లాసుకి ముందు ఐదు నిమిషాలు కూర్చుని "ఈ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పుతారు?" అని ఆవిడనే అడగండి. మీకు లేనిది అక్కడ దొరుకుతుంది, ఆవిడ అనుభవానికి విలువిచ్చినట్టూ ఉంటుంది.

క్లాసులో పిల్లల పక్కన కూర్చుని ఇరవై నిమిషాలు రాయండి: అడిగిన ప్రశ్న, ఎన్ని సెకన్లు ఆగారు, జవాబు ఎవరిది. "బాగుంది", "బాలేదు" లాంటివి రాయొద్దు. అమెరికా సైన్స్ విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో ప్రచురించిన పరిశీలనల్లో ప్రశ్న అడిగాక టీచర్లు ఆగింది సగటున ఒక్క సెకను. మూడు సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి.

అదే రోజు లీజర్ పీరియడ్‌లో పది నిమిషాలు చాలు. పిల్లల నోటుబుక్కులు రెండు ముందు పెట్టి, ఒక్క మార్పే చెప్పండి: ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టి, అప్పుడు పేరు పిలవడం. మీతోనే ఒకసారి చేసి చూడమనండి. వారం తర్వాత అదొక్కటే చూడండి. ఐదు సలహాలిస్తే ఒక్కటీ నిలవదు.

చెడేది ఎక్కువగా ఇక్కడే: రాసింది హెచ్ఎం టేబుల్ మీదకి వెళ్లడం, టీచరుకి స్కోర్లు ఎక్కించే అబ్జర్వేషన్ కూడా అదే రోజు పెట్టడం. ఆ కాగితం మేడమ్‌కే ఇచ్చేసి రండి. డెమో క్లాసు మాత్రం ఆవిడ అడిగితేనే, అదీ లెక్కలు ఎక్కువుండే భాగంలో.