జాకీలతో వ్యాగన్ పట్టాలెక్కేదెలా?

ప్రశ్న: 2024 నవంబరులో పెద్దపల్లి జిల్లా రాఘవాపురం దగ్గర గూడ్సు రైలు వ్యాగన్లు 11 పట్టాలు తప్పినప్పటి నుంచీ ఒక సందేహం. ఒక్కోచోట పెద్ద క్రేను తెస్తారు, ఒక్కోచోట జాకీలతోనే కానిచ్చేస్తారు. ఎందుకని?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: వ్యాగన్ ఎలా పడి ఉందన్నదే లెక్క. ఒరిగినవీ, ఒకదానిమీదొకటి ఎక్కినవీ క్రేనుకే లొంగుతాయి. అయితే 140 టన్నుల క్రేను చేయి ఎత్తాలంటే పైనున్న 25 కిలోవోల్టుల తీగకు కరెంటు ఆపి, తీగను పక్కకు జరపాలి. క్రేను రావడానికి దగ్గరిదాకా మంచి పట్టాలూ ఉండాలి. వ్యాగన్ నిటారుగానే ఉండి చక్రాలు మాత్రం దిగిపోతే నూనె ఒత్తిడితో లేచే హైడ్రాలిక్ జాకీలు చాలు, తీగను జరపక్కర్లేదు. చక్రం పట్టాకు జానెడు లోపే ఉంటే ఇంకా తేలిక. ఇనుప రాంపులు (చక్రం ఎక్కే ఏటవాలు దిమ్మెలు) బిగించి ఇంజనుతో మెల్లగా లాగుతారు. పట్టాకు బయట పడ్డ చక్రానికి ఒక రకం రాంపు, లోపల పడ్డదానికి మరో రకం. తారుమారైతే చక్రం ఎక్కినట్టే ఎక్కి అవతలికి దిగుతుంది.

ప్రశ్న: ఒక చివర నాలుగు చక్రాలూ దిగితే జాకీలతో పని ఏ వరుసలో చేస్తారు?

జవాబు: మనం పెట్టెనే బోగీ అంటాం. రైల్వేవాళ్లకు బోగీ అంటే కింద నాలుగు చక్రాలూ స్ప్రింగులూ ఉండే చట్రం. వ్యాగన్ పెట్టె దానిమీద కూర్చుని ఉంటుందంతే. ఎత్తితే పెట్టె ఒక్కటే లేస్తుంది, బోగీ కంకరలోనే ఉండిపోతుంది. అందుకే ముందుగా గొలుసులతో బోగీని పెట్టెకు బిగించి కట్టాలి. గొలుసు వదులైతే జాకీ లేచిన ఎత్తు స్ప్రింగులు సాగడానికే సరి.

పక్క వ్యాగన్ల కప్లింగులు విప్పి, పట్టాల మీదే ఉన్న రెండో చివర చక్రాలు కదలకుండా రెండువైపులా చీలలు కొట్టాలి. ఆ తర్వాతి పనే అసలైనది: పునాది. కంకర చదునుచేసి, చెక్క దిమ్మెలు పేర్చి, పట్టాలకు అడ్డంగా ఇనుప దూలం మట్టంగా పరవాలి. దానిమీద రోలర్ల బండి, ఆ బండి మీద జాకీ. బాక్స్‌ఎన్ అనే, పైకప్పు లేని బొగ్గు వ్యాగన్ ఖాళీగా సుమారు 22.5 టన్నులు, ఒక చివర ఎత్తితే అందులో సగమే. ఇరుసుకు 22.9 టన్నుల చొప్పున నింపినదైతే ఆ చివరే దాదాపు 46 టన్నులు. అంత బరువుకు ఒక పక్క దిమ్మె కుంగితే వ్యాగన్ వాలి జాకీ మీంచి జారుతుంది. కాబట్టి రెండు మూడు సెంటీమీటర్లు లేపి ఆగి, దిమ్మెలు చూసుకుని, మళ్లీ లేపాలి. పెట్టె లేచేకొద్దీ కింద దిమ్మెలు పేర్చుతూ పోవాలి. సైగ ఇచ్చేది ఒక్కరే.

మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. స్లీపరు మీద ఆనిన చక్రం అంచు అంతకు కాస్త పైకి వస్తే చాలు, అంతకుమించి లేపడం ప్రమాదం. అప్పుడు పక్కకు నెట్టే అడ్డజాకీతో రోలర్ల బండిని మెల్లగా నెట్టి, చక్రాలు పట్టాల మీదికి రాగానే దించాలి.

జాకీ లేచి దిగనంటే ముందు దానికి నూనె తెచ్చే గొట్టాల కప్లింగులు చూడండి. మట్టి చేరో, పూర్తిగా బిగియకో నూనె వెనక్కి రాదు.

ప్రశ్న: ఎక్కగానే బండిని కదిలించవచ్చా?

జవాబు: కూడదు. ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం చుట్టూ మూడు నాలుగు చోట్ల కొలవాలి. బ్రాడ్‌గేజీకి అది 1600 మిల్లీమీటర్లు. 1599కి తగ్గినా, 1602 దాటినా ఆ చక్రాల జత మార్చాల్సిందే. వేలాడే బ్రేకు కడ్డీలు కట్టేసి, కింద పట్టాల మధ్య దూరం (గేజీ) కూడా చూసుకున్నాకే లాగాలి.