లారిమార్‌కు చింతపండు పడదు

ప్రశ్న: కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానా వెళ్లినప్పుడు లేతనీలి లారిమార్ రాయి పొదిగిన వెండి ఉంగరం కొన్నాను. చేత్తో చేసిందన్నారు. వెండి నల్లబడిందని అమ్మ చింతపండుతో తోమి, విబూదితో రుద్దింది. వెండి మెరిసింది గానీ రాయి మసకబారింది. మళ్లీ మెరుపు వస్తుందా? – ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: వస్తుంది, కానీ ఇంట్లో కాదు. కెంపులు, నీలాలయితే అమ్మగారి వైద్యానికి తట్టుకునేవి. పది వరకు సాగే మోస్ కొలతలో వాటి గట్టిదనం 9. లారిమార్‌ది 4.5 నుంచి 5 లోపే. విబూదిలో ఒక్క ఇసుక నలుసున్నా చాలు (దాని గట్టిదనం 7), గీత పడిపోతుంది. ఇక పులుపు సంగతి. లారిమార్ పెక్టొలైట్ అనే ఖనిజం, ఆమ్లాలకు ఆగదు. తెల్ల చారల్లో కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం) కలిసి ఉంటే అది ఇంకా మెత్తన. చింతపండు ముందు దాన్నే తినేస్తుంది.

ఉంగరాన్ని ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. రాయి మీద లైటు ప్రతిబింబం తెగకుండా గీతలా కనబడితే పట్టింది జిడ్డే, కడిగితే పోతుంది. గీత చెదిరిపోయి, తెల్ల చారల దగ్గర సన్నని పల్లాలు కనిపిస్తే సానపట్టేవారికి ఇవ్వాల్సిందే. నీళ్లు పోస్తూ 1200, ఆపైన 3000 నంబరు డైమండ్ పట్టీల మీద సానపట్టి, చివర్లో తోలు మీద సీరియం ఆక్సైడ్ అనే మెరుగు పొడితో మెరుగుపెట్టమనండి. పొడిగా రుద్దితే రాయి వేడెక్కుతుంది, మెత్తని చోట్ల పల్లాలు ఇంకా లోతవుతాయి.

ఇకముందు కడగడానికి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల పిల్లల షాంపూ, పసిపిల్లల బ్రష్ చాలు. అర నిమిషం రుద్ది, మంచినీళ్లలో తీసి, నూలుగుడ్డతో అద్దండి. నలుపు పోవడానికి పాలిష్ గుడ్డ వాడండి, వెండి వరకే. ముంచి తీసే సిల్వర్ డిప్, అల్ట్రాసోనిక్ మెషీన్, అల్యూమినియం ఫాయిల్ వేసిన వేడి వంటసోడా నీళ్లు, మూడూ వద్దు.

ప్రశ్న: ఇలాంటి ఉంగరమే నాకు వదులైంది. రాయి తీయకుండానే సైజు తగ్గిస్తానంటున్నాడు మా కంసాలి. ఇవ్వవచ్చా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇవ్వకండి. వెండి అతుకు కరగాలంటే సుమారు 700 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడికి రాయి పగులుతుంది, రంగూ పోతుంది. తడిగుడ్డ చుట్టి చేస్తామంటారు, చిన్న ఉంగరంలో అది సాగదు. వెండి వేడిని ఇట్టే మోసుకెళ్తుంది.

ముందు రాయిని పట్టి ఉంచే గూడు అంచును సన్నని ఉలితో చుట్టూ కొద్దికొద్దిగా లేపి రాయి తీయాలి. ఒక అమెరికా సైజు తగ్గాలంటే కట్టులో సుమారు 2.5 మిల్లీమీటర్లు కోయాలి. వెలిగారం పూసి అతికాక ఆమ్లంలో వేస్తారు కదా, ఆ ఉంగరాన్ని వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, పూర్తిగా ఆరాకే రాయి పెట్టాలి. గూట్లో ఆమ్లం మిగిలితే రాయి అడుగు దెబ్బతింటుంది. అసలు చిక్కు మరొకటి: ఒకసారి వంగిన అంచును మళ్లీ వంచితే చీలవచ్చు. సన్నగా కనిపిస్తే 0.3 మిల్లీమీటర్ల స్వచ్ఛమైన వెండి రేకుతో కొత్త గూడు కట్టించండి. ఖర్చు పెరుగుతుంది, రాయి దక్కుతుంది. రేకు రాయి భుజం (పైవంపు మొదలయ్యే చోటు) దాటి ఒక మిల్లీమీటరు ఉంటే చాలు. ఒకవైపు నుంచి నొక్కుకుంటూ పోకుండా ఎదురెదురు వైపులు నొక్కాలి.

ప్రశ్న: విడి రాయి అసలుదో కాదో ఇంట్లో తెలుస్తుందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: కొంతవరకు. 0.01 గ్రాము చూపే త్రాసు మీద రాయి తూచండి. తర్వాత నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, రాయిని పూర్తిగా మునిగేలా దారంతో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. మొదటి అంకెను రెండోదానితో భాగించండి. రాయి 5.60, నీళ్లలో 2.00 అయితే 2.80 వస్తుంది, అదే దాని సాంద్రత. లారిమార్ 2.7–2.9 మధ్య ఉంటుంది. ప్లాస్టిక్ సాధారణంగా 1.5 దాటదు, చూడ్డానికి ఇలాగే ఉండే హెమిమార్ఫైట్ అనే నీలి ఖనిజం 3.4 పైనే. రంగేసిన క్వార్ట్జ్ మాత్రం 2.65, అక్కడ తికమక పడతారు. దాన్ని లెన్సుతో చూస్తే పగుళ్లలో రంగు చిక్కగా కనిపిస్తుంది. ఇక రాజస్థాన్ గనుల లారిమార్ అని ఎవరైనా అంటే త్రాసు కూడా అక్కర్లేదు. ఈ నీలి పెక్టొలైట్ దొరికేది డొమినికన్ రిపబ్లిక్‌లోని బరహోనా కొండల్లోనే.